ఉల్లినారు పీకి నాటడమే!

పాఠకుల ప్రశ్నలు, సూఫీ ముచ్చట్లు

పోయిన సంచికలో ఫారసీ సూఫీ కవి మౌలానా రూమీ గురించి రెండు పేజీలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొన్ని ప్రేమగా ఉన్నాయి, కొన్ని కోపంగా ఉన్నాయి. ఒకటైతే మొత్తం ఎర్ర సిరాతో! అన్నిటికీ చోటు చాలదు కనుక ఎక్కువమంది అడిగినవీ, నన్ను నిద్రపోనివ్వనివీ ఏరుకున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను పండితురాలిని కాను. నలభై ఆరో ఏట ఫారసీ అక్షరాలు దిద్దుకున్నదాన్ని. నేర్పిన ఉస్తాద్‌గారు రోజుకు రెండు పాదాలకు మించి చెప్పేవారు కాదు. నా చదువులో సగం ఆయన తిట్లే.

*ప్రశ్న: అమ్మా, రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో రూమీ సూక్తులు వస్తుంటాయి. "ఒప్పుకీ తప్పుకీ అవతల ఒక మైదానం ఉంది, నిన్నక్కడ కలుస్తాను", "నువ్వెవరివైనా సరే, రా, రా" అనేవి నాకు ప్రాణం. ఇవి నిజంగా ఆయనవేనా? (డిగ్రీ చదువుతున్న అమ్మాయి)*

జవాబు: మొదటిది సగం ఆయనది. రెండోది ఆయనది అనడం కష్టం.

మైదానం సంగతి చూద్దాం. అది నాలుగు పాదాల రుబాయీ. మూలంలో మొదటి పాదం "అజ్ కుఫ్రొ జె ఇస్లాం బెరూన్ సహరాయీస్త్". అంటే కుఫ్ర్‌కీ ఇస్లాంకీ బయట ఒక ఎడారి మైదానం ఉంది అని. కుఫ్ర్ అంటే నమ్మకపోవడం. ఒప్పూ తప్పూ అన్న మాటలే అందులో లేవు చూశావా? ఆ విశాలం నడుమ మాకొక పిచ్చి ఉంది అంటాడు రెండో పాదంలో. ఎరిగినవాడు అక్కడికి చేరగానే తల నేలకు ఆనిస్తాడట. అక్కడ కుఫ్రూ లేదు, ఇస్లామూ లేదు, అసలు 'అక్కడ' అనే చోటే లేదట. పద్యం అంతే. "నిన్నక్కడ కలుస్తాను" అన్న ముక్క ఎంత వెతికినా దొరకదు. ఫారసీ రాని ఒక అమెరికన్ కవి, పాత ఇంగ్లీషు అనువాదాలు ముందు పెట్టుకుని తన ధోరణిలో తిరగరాసుకున్నాడు. అది బాగుంది, కాదనను. కానీ ఆలోచించు. పదమూడో శతాబ్దంలో, మతధర్మం బోధించే ఇంట పుట్టి, తానూ అదే పాఠం చెప్పి బతికిన మనిషి "ఇస్లాంకీ బయట" అని నోరు విప్పడానికి ఎంత గుండె కావాలి! ఆ తెగింపును తీసేసి, దాని బదులు సాయంత్రం పార్కులో కలుసుకునే జంటను కూర్చోబెట్టారు. తల నేలకానించే మనిషి కాస్తా మాయమైపోయాడు. నా బాధ అక్కడ.

రెండోది, "బాజ్ ఆ, బాజ్ ఆ" అని మొదలయ్యేది. ఇది రూమీకన్నా రెండు వందల ఏళ్ళ ముందటి అబూ సయీద్ అబుల్‌ఖైర్ పేరు మీద చెలామణీ అయ్యే రుబాయీల్లో ఉంది. ఎవరిదైతేనేం అంటావేమో. సరే, నాకూ అంత పట్టింపు లేదు. నా పట్టింపంతా 'బాజ్ ఆ' అన్న రెండు ముక్కల మీద. దానికి అర్థం ఉత్త 'రా' కాదు, 'తిరిగి రా'. ఒకసారి వచ్చి, ఉండలేక వెళ్ళిపోయినవాణ్ణి పిలుస్తున్న పిలుపు అది. చివర్లో ఏమంటాడంటే, మా దర్గా ఆశ వదులుకునే దర్గా కాదు, వందసార్లు తౌబా చేసి, అంటే ఇక తప్పు చేయనని పశ్చాత్తాపపడి, వందసార్లు తప్పినా సరే, తిరిగి రా అంటాడు. దర్ అంటే తలుపు, గాహ్ అంటే చోటు. దర్గా అంటే అసలు వాకిలే. మాట తప్పి, ముఖం చెల్లక, వాకిట్లో నిలబడిపోయినవాడికి చెప్పే మాటకీ, గుడ్ మార్నింగ్ మెసేజ్‌కీ తేడా లేదూ?

అన్నట్టు, మొదటిరోజు నేను "రూమీ" అనగానే ఉస్తాద్‌గారు కలం కింద పెట్టేశారు. "రూమీ అంటే రూమ్ దేశంవాడని అర్థం. త్యాగయ్యగారిని నువ్వు 'ఆ తిరువయ్యారాయన' అని పిలుస్తావా? మౌలానా అను" అన్నారు. 1207లో బల్ఖ్ ప్రాంతంలో పుట్టి, 1273లో ఇప్పటి టర్కీలోని కొన్యాలో పోయిన మనిషికి ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ పెట్టుకున్న పేరు మెవ్లానా. అంటే మా స్వామి.

*ప్రశ్న: సూఫీ అనే మాటకు అర్థం ఏమిటి? రెండు ముక్కల్లో చెప్పండి.*

జవాబు: అరబ్బీలో సూఫ్ అంటే ఉన్ని. ముతక ఉన్ని బట్ట కట్టుకుని తిరిగేవాళ్ళని అలా పిలిచారని ఎక్కువమంది చెప్పే మాట. రెండు ముక్కలన్నారు కాబట్టి రెండోది కూడా: పదకొండో శతాబ్దంలో లాహోర్‌లో స్థిరపడిన హుజ్విరీ తన పుస్తకంలో అంతకు ముందువాడి మాటొకటి ఎత్తి రాశాడు. "ఇవాళ సూఫీతనం సరుకు లేని పేరు. ఒకప్పుడు పేరు లేని సరుకు." వెయ్యేళ్ళ కిందటే ఈ ఫిర్యాదు ఉందంటే మనం ఇప్పుడు కొత్తగా వాపోవాల్సిందేమీ లేదు.

*ప్రశ్న: హల్లాజ్ అన్న "అనల్ హఖ్", ఉపనిషత్తుల్లోని "అహం బ్రహ్మాస్మి" ఒకటే కదా? మరి అంతమాత్రానికే ఆయన్ని ఎందుకు చంపారు? (వేదాంతం చదువుకుంటున్న ఒక పెద్దాయన)*

జవాబు: అయ్యా, ఎర్ర సిరా ఉత్తరం మీదే. నెమ్మదిగా మాట్లాడుకుందాం. "అనల్ హఖ్" అంటే "నేనే సత్యం" అని. హఖ్ అన్నది దేవుడికి పేరు కూడా.

ముందు మనిషిని చూద్దాం. పేరు హుసేన్, తండ్రి పేరు మన్సూర్. జనం నోట తండ్రి పేరే కొడుక్కి నిలిచిపోయి మన్సూర్ అయ్యాడు. హల్లాజ్ అంటే దూది ఏకేవాడు. దూదేకుల పనే! ఉత్తరాదిన దూది ఏకే కులంవాళ్ళు తమను మన్సూరీలమని చెప్పుకుంటారు. మన వైపు వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య కూడా దూదేకులవాడే. వింటితాడు మీటి, గింజా పీచూ విడిపోయి దూది గాలిలోకి లేచేదాకా వదలని ఆ పనిలో ఏదో ఉందనిపిస్తుంది నాకు. ఇది నా సొంత పైత్యం, పండితులెవరూ అనలేదు.

చంపింది 922లో, బాగ్దాద్‌లో. అంతకు ముందు తొమ్మిదేళ్ళ దాకా జైల్లో ఉన్నాడు. "అనల్ హఖ్" అన్నందుకే చంపారని అందరం చెప్పుకుంటాం. విచారణలో ఆయన మెడకు చుట్టుకున్నది వేరే. హజ్‌కి పోలేని పేదవాడు తన ఇంట్లోనే ఒక గది శుభ్రంగా పెట్టుకుని, దాని చుట్టూ తిరిగి, ముప్ఫై మంది అనాథలను పిలిచి అన్నం పెట్టి, బట్టలిచ్చి, చేతిలో కొంత సొమ్ము పెడితే అదే హజ్ అవుతుందని ఆయన రాశాడట. మతం మీద పెత్తనమూ ఖలీఫా దర్బారులో కుర్చీల గొడవా ఒకదానికొకటి ముడిపడి ఉన్న రోజులవి. ఆయన్ని వెనకేసుకొచ్చినవాళ్ళకీ పడనివాళ్ళకీ మధ్య లాగులాట నడిచింది. చివరికి ఆ ముప్ఫై మంది అనాథల మాటే ఉరితాడైంది. నాకైతే ఇది "అనల్ హఖ్" కన్నా పెద్ద మాట.

ఇక మీ పోలిక. ఒకటేనని గానీ కాదని గానీ నేను తీర్పు చెప్పను. కానీ మౌలానా తన సంభాషణల్లో చెప్పిన ఒక మెలిక మీకు నచ్చుతుంది. "అనల్ హఖ్" అంటే అందరూ అహంకారం అనుకుంటారట. నిజానికి "నేను దాసుణ్ణి" అనడమే పెద్ద అహంకారమట! ఎందుకంటే ఆ మాటలో ఇద్దరున్నారు. దేవుడొకడు, పక్కన నేనూ ఒకణ్ణి ఉన్నానని చెప్పుకుంటున్నాడు. "అనల్ హఖ్" అన్నవాడు తనని తుడిచేసుకున్నాడు, మాట్లాడుతున్నది ఒక్కడే. ఇది చదివాక నేను రెండు రోజులు దండం పెట్టుకోవడానికి కూడా మొహమాటపడ్డాను.

ఒక్క చిన్న సంగతి చెప్పి ఈ ప్రశ్న వదిలేస్తాను. ఫారసీ కవి అత్తార్ రాసిన సూఫీల చరిత్రలో, హల్లాజ్‌ని నిలబెట్టినప్పుడు జనం రాళ్ళు విసురుతుంటే ఆయన కిమ్మనలేదు. స్నేహితుడు షిబ్లీ కూడా నలుగురితో పాటు ఏదో ఒకటి విసరాలి కనుక ఒక వస్తువు విసిరాడు. దాని పేరు పుస్తకంలో "గల్" అని రెండక్షరాల్లో ఉంది. అప్పుడు హల్లాజ్ "అబ్బా" అన్నాడు. వాళ్ళకు తెలియదు కనుక క్షమించవచ్చు, తెలిసినవాడు విసిరితేనే నొప్పి అని. ఇంతకీ ఏం విసిరాడు? ఫారసీలో హ్రస్వాలు రాయరు. ఆ రెండక్షరాలను 'గుల్' అని చదివితే పువ్వు, 'గిల్' అని చదివితే మట్టిబెడ్డ. జనం పువ్వనే చెప్పుకుంటారు, నేనూ అలాగే చదివాను. ఉస్తాద్‌గారు అడ్డొచ్చి, "మట్టి అని ఒకసారి చదువు, పువ్వు అని ఒకసారి చదువు. ఎందులో నొప్పి ఎక్కువో రేపొచ్చి చెప్పు" అన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు.

*ప్రశ్న: గురువు తప్పనిసరిగా ఉండాలా? ఈ రోజుల్లో ఎవర్ని నమ్మినా మోసపోతామని టెన్షన్. మీకెవరైనా ఉన్నారా?*

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే, తమ్ముడూ. నాకూ ఒకప్పుడు ఒకాయన తగిలాడు. కలలకు అర్థం చెబుతానని, కలకింత అని రేటు పెట్టాడు. నా కలలు మరీ చప్పగా ఉన్నాయని తెలిశాక ఆయనే విసుగెత్తి మానేశాడనుకోండి. మౌలానా రాసిన పెద్ద కావ్యం మస్నవీ. దాని మొదటి సంపుటంలోనే హెచ్చరిక ఉంది. మనిషి ముఖం తొడుక్కున్న సైతానులు చాలామంది ఉన్నారు, కనిపించిన ప్రతి చేతిలోనూ చెయ్యి పెట్టకు అని. చెయ్యి పెట్టడం అంటే బయత్, అంటే శిష్యరికానికి మాటివ్వడం. గురువులేనిదే దారిలేదనే సంప్రదాయమే ఈ మాట కూడా చెప్పింది.

గురువు ఏం చేస్తాడో తెలియాలంటే నాకు తెలిసి బుల్లే షా కథను మించింది లేదు. బుల్లే షా (1680–1757) పంజాబులో కసూర్‌వాడు. సయ్యద్ వంశం, అంటే ప్రవక్త వంశస్థులమని చెప్పుకునే గౌరవమైన ఇల్లు. ఆయన వెతుక్కుంటూ వెళ్ళిన గురువు షా ఇనాయత్ మాత్రం అరాయీ కులంవాడు. కూరగాయలు పండించుకు బతికేవాళ్ళు. జనం చెప్పుకునే ప్రకారం బుల్లే వెళ్ళేసరికి ఆయన మడిలో వంగి ఉన్నాడు. ఉల్లినారు పీకి, పక్క మడిలో నాటుతున్నాడు. గట్టు మీద నిలబడి బుల్లే "దేవుణ్ణి ఎలా అందుకోవాలి?" అని అడిగాడు. ఆయన నడుం ఎత్తకుండానే జవాబిచ్చాడు. "దేవుణ్ణి అందుకోవడానికేముందిరా బుల్లా! ఇటు పీకడం, అటు నాటడం." పంజాబీలో ఇది రెండు చిన్న పాదాల పద్యం, ఇప్పటికీ పల్లెల్లో వినిపిస్తుంది.

నారు నాటినవాళ్ళెవరైనా మనలో ఉంటే వాళ్ళకు నేను విడమర్చక్కర్లేదు. పీకిన మొక్క నాటగానే నిలబడదు. మొదటి రెండు రోజులు తలవాల్చేస్తుంది, చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. వేరు తిరుక్కున్నాకనే తలెత్తుతుంది. మనసు కూడా ఒకచోట నాటుకుపోయి ఉంటుంది. పీకితే వాలిపోతుంది. ఆ వాలిన రెండు రోజులూ మడి దగ్గర ఒకడు కావాలి. గురువు పని అదేననుకుంటాను. నారు ఊడబీకి గట్టు మీద పడేసి పోయేవాడు గురువు కాడు.

బుల్లే షాకు ఆ తరవాతా సుఖం లేదు. పైకులంవాడివై ఉండి కూరగాయలవాడి కాళ్ళు పట్టుకుంటావా అని అక్కచెల్లెళ్ళూ వదినెలూ నచ్చజెప్పడానికి వచ్చారు. ఆ సంగతిని ఆయనే పాట కట్టాడు. నన్ను సయ్యద్ అన్నవాడికి నరకం, అరాయీ అన్నవాడికి స్వర్గంలో ఉయ్యాల అని పాడుకున్నాడు!

నాకు గురువున్నారా అని అడిగారు. వ్యాకరణం నేర్పినాయన ఒకరున్నారు, చాలు.

*ప్రశ్న: తెలుగువాళ్ళలో సూఫీ కవి ఎవరైనా ఉన్నారా?*

జవాబు: ఉన్నారు. పిఠాపురం ఉమర్ ఆలీషా (1885–1945). సూఫీ గురుపీఠానికి అధిపతి, తెలుగులో పద్యాలూ నాటకాలూ రాసినవారు, ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఫారసీ నుంచి నేరుగా తెలుగు పద్యంలోకి తెచ్చినవారు. దాని మీద ఆయన కేంద్ర శాసనసభలో సభ్యుడు కూడా! పద్యం, పీఠం, పార్లమెంటు ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో మరోసారి తీరికగా రాస్తాను.

*ప్రశ్న: సూఫీల కథల్లో ఎప్పుడూ మగవాళ్ళే. రాబియా పేరు ఒక్కటి చెప్పి ముగిస్తారు. మా సంగతి ఎవరికీ పట్టదా? (ఇద్దరు పిల్లల తల్లి)*

జవాబు: రాబియా పేరు నేనూ చెబుతాను, కానీ అక్కడ ముగించను.

రాబియా బస్రాలో ఎనిమిదో శతాబ్దపు మనిషి. ఒక చేతిలో నిప్పు, ఒక చేతిలో నీళ్ళు పట్టుకుని వీధిలో పరుగెత్తిందని, స్వర్గాన్ని తగలబెట్టి, నరకాన్ని ఆర్పేస్తే గానీ జనం దేవుణ్ణి దేవుడి కోసం కొలవరని అన్నదని కథ. మీరు వినే ఉంటారు. నాకు అంతకన్నా ఇష్టమైనది చిన్నది. వసంతకాలం. పనిపిల్ల బయటినుంచి కేకేసింది: "అమ్మా, బయటికి రండి, ఆయన చేసినవి చూడండి." లోపల్నుంచి రాబియా: "నువ్వే లోపలికి రావే, చేసినవాణ్ణి చూడు." ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మానికి చెరోపక్కా నిలబడి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఆమె గురించిన కథల్లో హసన్ బస్రీ అనే పెద్దాయన పదేపదే వచ్చి ఆమె చేతిలో ఓడిపోతుంటాడు. లెక్క చూస్తే ఆయన 728లో పోయేనాటికి ఈమె పదీపన్నెండేళ్ళ పిల్ల! కథలు కట్టినవాళ్ళకు ఆమె ముందు ఓడిపోవడానికి ఒక పెద్ద మగమనిషి కావలసి వచ్చి, ఊళ్ళోకెల్లా పెద్దాయన్ని తెచ్చి కూర్చోబెట్టారు.

ఇక ఢిల్లీకి రండి. పదమూడో శతాబ్దంలో బీబీ ఫాతిమా సామ్ అనే ఆవిడ ఉండేది. ఆవిడ గొప్పదనం చెప్పబోయిన సూఫీ గురువు బాబా ఫరీద్, "ఆడరూపంలో పంపిన మగవాడు" అన్నారు. మెచ్చుకోవడానికి ఆ కాలానికి అంతకన్నా మాట దొరకలేదు పాపం. ఆయన శిష్యుడు నిజాముద్దీన్ ఔలియా దాన్ని ఇంకోలా చెప్పారు. అడవిలోంచి సింహం బయటికొస్తే అది ఆడదా మగదా అని ఎవరూ అడగరు, అని. ఫాతిమా సామ్ చెప్పిన మాట కూడా ఒకటి మిగిలింది. ఒకరికి రొట్టెముక్కా గుక్కెడు నీళ్ళూ ఇస్తే దొరికేది లక్ష ఉపవాసాలూ నమాజులూ చేసినా దొరకదని. గరిటె పట్టుకున్నవాళ్ళకే తట్టే లెక్క.

ఇంకొకటి, చరిత్ర పుస్తకాల్లో చివరి పేజీల్లో పడి ఉండేది. బీజాపూర్ ప్రాంతపు సూఫీలు దక్కనీ భాషలో తిరగలి పాటలు కట్టారు. చక్కీనామా అంటారు. రాట్నం పాటలూ ఉన్నాయి. ఒక తిరగలి పాటలో ఏముంటుందంటే, తిరగలి పిడి నిలువుగా, అల్లా పేరులోని మొదటి అక్షరం అలిఫ్‌లా ఉంటుంది కనుక అది అల్లా, నడిమి మేకు ప్రవక్త, దాని చుట్టూ రాయి తిరుగుతుంది. బిస్మిల్లా, హూ హూ అల్లా అని పల్లవి. తెల్లవారుజామున చీకట్లో ఒక చేత్తో పిడి పట్టుకుని, ఒక చేత్తో గుప్పెడు గుప్పెడు గింజలు పోస్తూ, రాయి గరగరకు తాళంగా ఆ హూ హూ అంటుంటే వేరే జపమాల ఎందుకు? ఆ పాటలు పాడినవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. దక్కనులో సూఫీల మాట ఇంటింటికీ చేరింది ఈ ఆడవాళ్ళ గొంతుల మీదుగానని చరిత్రకారులు ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. పక్కన పడుకున్న పిల్లలు ఆ పాట వింటూ పెరిగారు మరి.

*ప్రశ్న: నాకు ఉర్దూ రాదు, అయినా ఖవ్వాలీ వింటే కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. అర్థం తెలియకుండా ఏడవడం నటనేమోనని సిగ్గుగా ఉంది.*

జవాబు: సిగ్గెందుకు! అర్థం తెలిసి వింటూ ఏకంగా ప్రాణమే వదిలిన ఆయన ఒకరున్నారు. 1235లో ఢిల్లీలో ఒక సమా జరుగుతోంది. సమా అంటే వినడం. కూర్చుని పాట వినే సభ. ఖవ్వాలు ఒక ఫారసీ పద్యం ఎత్తుకున్నాడు. "కుష్తగానె ఖంజరె తస్లీమ్ రా, హర్ జమాన్ అజ్ గైబ్ జానె దీగరస్త్." లొంగుబాటు అనే బాకుకు బలైనవాళ్ళకు, క్షణక్షణం కనబడని చోటినుంచి కొత్త ప్రాణం వస్తుంటుందని. వింటున్న సూఫీ గురువు కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒళ్ళు మరిచిపోయారు. ఇంటికి మోసుకొచ్చాక కూడా "అదే పాడండి" అన్నారు. నమాజు వేళకు తెలివి తెచ్చుకుని నమాజు చేసేవారు, మళ్ళీ అందులోకే. నాలుగు రోజులు అలాగే గడిచి ప్రాణం పోయింది. ఒళ్ళు తెలియని మనిషి నమాజు వేళ మరవకపోవడం ఈ కథలో నన్ను పట్టుకునే చోటు.

మరి పాట వినడం అందరికీ సరిపడుతుందా అంటే, నిజాముద్దీన్ ఔలియా చాలా షరతులు పెట్టారు. పాడేవాడు పెద్దవాడై ఉండాలి, వినేవాడి మనసు దేవుడి మీద ఉండాలి, మాటలు వెకిలిగా ఉండకూడదు, వాయిద్యాలు ఉండకూడదు. చివరిది మళ్ళీ చదవండి. వాయిద్యాలు ఉండకూడదు! ఇవాళ ఆయన దర్గా ముందు గురువారం సాయంత్రం కూర్చుంటే హార్మోనియం, ఢోలక్ లేకుండా పాట లేదు. హార్మోనియం పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చిన పెట్టె. నేను అక్కడ కూర్చున్నప్పుడు నా పక్కన ఒక ముసలాయన కళ్ళు మూసుకుని, ఢోలక్‌తో సంబంధం లేకుండా వేరే లయలో తల ఊపుతున్నాడు. ఆయన వింటున్న పాటలో వాయిద్యాలు లేవేమో.

మీ సంగతికొస్తే, ఏడవండి. కాస్త కుదిరాక అర్థం కూడా తెలుసుకోండి. రెండోసారి ఏడుపు వేరే చోటునుంచి వస్తుంది.

*ప్రశ్న: సూఫీలు నీళ్ళ మీద నడిచారు, గాల్లో ఎగిరారు అంటారు. మీరు నమ్ముతారా?*

జవాబు: నా నమ్మకం ఎందుకు, సూఫీలనే అడుగుదాం. పైన చెప్పిన అబూ సయీద్ దగ్గరికి వెళ్ళి ఎవరో అన్నారు, ఫలానా ఆయన నీళ్ళ మీద నడుస్తాడు అని. "కప్పలూ నడుస్తాయి" అన్నాడాయన. ఫలానా ఆయన గాల్లో ఎగురుతాడు. "ఈగ కూడా." ఫలానా ఆయన క్షణంలో ఈ ఊరినుంచి ఆ ఊరికి పోతాడు. "సైతాను ఒక్క గుక్కలో తూర్పునుంచి పడమరకు పోతాడు. ఇందులో ఏముంది? మనిషంటే జనం మధ్య కూర్చుంటాడు, లేస్తాడు, తింటాడు, పడుకుంటాడు, బజార్లో కొంటాడు అమ్ముతాడు, పెళ్ళాడతాడు, అందరితో కలిసే ఉంటాడు, ఒక్క క్షణం కూడా దేవుణ్ణి మరవడు." బజారు కూడా చేర్చాడు చూశారా! బేరమాడుతూ దేవుణ్ణి తలుచుకోవడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి. ఎగరడమే తేలిక.

*ప్రశ్న: క్షమించండి, నాకు మీ సూఫీలంటే కోపం. ఆకలినీ పేదరికాన్నీ గొప్పగా పాడతారు. నెలాఖరుకి డబ్బుల్లేక పిల్లల ఫీజు కట్టలేని ఇంట్లో కూర్చుని చదివితే ఒళ్ళు మండుతుంది.*

జవాబు: క్షమించడానికి మీరేం తప్పు చేశారు? ఈ ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది.

నిజాముద్దీన్ ఔలియా (1238–1325) చిన్నప్పుడే తండ్రి పోయాడు. బదాయూఁలో తల్లి బీబీ జులేఖా పెంచింది. ఇంట్లో ఏమీ లేని రోజున ఆవిడ "ఇవాళ మనం దేవుడి ఇంట చుట్టాలం నాయనా" అనేది. ఒకసారి ఎవరో ఒక టంకా విలువైన ధాన్యం ఇచ్చిపోతే, వరసగా చాలా రోజులు రొట్టె దొరికింది. పిల్లాడికి విసుగొచ్చింది. అమ్మ ఆ మాట మళ్ళీ ఎప్పుడంటుందా అని ఎదురుచూశాడట. ధాన్యం అయిపోయిన రోజు ఆవిడ ఆ మాట అనగానే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నారు.

నేను దీన్ని ఆకలి గొప్పదనానికి సాక్ష్యంగా చదవలేను. ఒక తల్లి ఖాళీ కుండ ముందు నిలబడి, పిల్లాడికి అవమానం తెలియకుండా దాటించిన రోజు అది. ఆ మాట ఆవిడకెలా ఉండిందో పుస్తకంలో లేదు. మీరు ఉత్తరం రాశారు, ఆవిడ రాయలేదు. తేడా అంతే.

ఆ పిల్లాడు పెరిగి ఢిల్లీ పక్కన గియాస్‌పూర్‌లో పెద్ద లంగరు, అంటే ఉచితంగా అన్నం పెట్టే వంటశాల నడిపారు. వచ్చినవాడి కులమూ మతమూ అడగకుండా అన్నం పెట్టేవారు. తాను మాత్రం దాదాపు రోజూ ఉపవాసమే. తెల్లవారకముందు తినే సహరీకి శిష్యుడు పళ్ళెం తెచ్చి పెట్టేవాడు. చాలాసార్లు అది అలాగే వెనక్కి వెళ్ళేది. మీరు నిన్న సాయంత్రం కూడా సరిగా తినలేదు, ఇలాగైతే ఎలాగండీ అని శిష్యుడు బతిమాలితే ఆయన ఏడ్చేవారు. "మసీదు మూలల్లోనూ, దుకాణాల ముందూ ఇంతమంది తిండి లేక పడి ఉన్నారు. ఈ ముద్ద నా గొంతు ఎలా దిగుతుంది?" అనేవారు. శిష్యుడు కాసేపు నిలబడి, పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయేవాడు.